అనంతపురంలో మైనస్ 40 డిగ్రీలు

2018 ఏప్రిల్ మూడో వారం. పొద్దున పదిన్నర కాకముందే చెప్పుల్లోంచి తారు సెగ పాదాలకు తగులుతోంది. ఊరి బయట, బెంగళూరు రోడ్డుకు కాస్త లోపలగా, రోడ్లు పడి ఇళ్లు రాని వెంచర్ అది. హద్దురాళ్ల మధ్య తుమ్మమొక్కలు తప్ప పచ్చదనం లేదు. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో మా నలుగురికీ అదే రేసు ట్రాక్. కారు స్టార్ట్ చేశాం. స్టీరింగ్ వెనక బిగించిన చిన్న తెర మీద, మేం కొత్తగా పెట్టుకున్న రెండో అంకె వెలిగింది: మైనస్ 40 డిగ్రీలు.

మేకలు తోలుకుంటూ వచ్చి నిలబడిన పెద్దాయనకు అంకె అర్థం చెప్తే, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని నవ్వాడు. "మంచు పడతాదేమో, బిన్నా ఇంటికి పోతా" అన్నాడు.

ఆ మైనస్ 40 ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతాను. అంతకన్నా ముందు, అసలు రెండో అంకె మాకెందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. దానికి ఒక ఇంజిన్ ఖర్చయింది.

చల్లబడిందని చప్పట్లు కొట్టాం

మా కారంటే పెద్దగా ఊహించుకోకండి. ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి కట్టిన పంజరం, నాలుగు చక్రాలు, ఒక సీటు. సీటు వెనక సెకండ్ హ్యాండ్‌లో కొన్న కేటీఎం 390 డ్యూక్ మోటార్ సైకిల్ ఇంజిన్. 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఈ బండి తొలి తరానికి ఒకటే సిలిండర్, 373 సీసీ, 43 గుర్రాల బలం, నీటితో చల్లబడే ఏర్పాటు. విద్యార్థులు కట్టే ఫార్ములా కార్లలో దేశమంతటా ఈ ఇంజిన్ కనిపిస్తుంది.

ఆ కార్ల పోటీల చరిత్ర పాతదే. 1980ల మొదట్లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో 'ఫార్ములా ఎస్ఏఈ' మొదలైంది. మన దగ్గర ఎస్ఏఈ ఇండియా వాళ్ల 'సుప్రా' 2011 నుంచి నడుస్తోంది. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో 'ఫార్ములా భారత్' జరుగుతుంది. ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, పెట్రోలు బండైతే అది పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే పోవాలి అన్నవి అక్కడి నిబంధనలు. ఆ కొలతల్లో దొరికేది మోటార్ సైకిల్ ఇంజినే. మేమూ పోటీకి వెళ్లాలనే కట్టాం. వెళ్లలేదు. మార్చిలోనే కథ అడ్డం తిరిగింది.

ఒక రోజు నాలుగో రౌండ్‌లో, ఇంజిన్ నీళ్ల వేడి చెప్పే అంకె 96 చూపించింది. వేగం తగ్గించమని చెయ్యి ఊపాం. ఐదో రౌండ్‌లో 91. ఆ తర్వాత 84. ఫ్యాను పనిచేస్తోందని చప్పట్లు కొట్టాం, ఇంకో రెండు రౌండ్లు వెయ్యమన్నాం. రెండోది పూర్తి కాలేదు. వెనక నుంచి తెల్లటి ఆవిరి, ఒక కీచుమన్న అరుపు, ఆపై నిశ్శబ్దం. కారు జారుకుంటూ వచ్చి మా ముందే ఆగింది. తెర మీద ఇంకా 84 ఉంది.

ఇంజిన్ విప్పించుకుని ఆటోలో వేసుకుని, లారీ షెడ్ల వైపు రేడియేటర్లకు సోల్డరింగ్ చేసే భాయ్ దగ్గరికి పోయాం. ఆయన కిక్ షాఫ్ట్ వెతికినట్టు ఇటూ అటూ చూసి, చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు.

"ఏమప్పా, ఇంజను తెచ్చినారా, ఇటిక తెచ్చినారా?"

"మీటర్ 84 చూపించింది భాయ్. వేడెక్కనే లేదు."

"నీళ్లుంటే గదా నాయనా మీటర్ నిజం చెప్పేది. కింది పైపు క్లిప్పు ఊడి నీళ్లన్నీ రోడ్డు మీద పోసినారు. మల్ల మీ మీటర్ ఏం కొలిసింది? ఉత్త గాలిని కొలిసింది."

అంతే విషయం. ఇంజిన్ పైభాగంలో, హెడ్డు దగ్గర ఉన్న ఆ సెన్సర్ ఒక చిన్న ఇత్తడి గుండు. నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ నీళ్ల వేడి చెబుతుంది. నీళ్లు దిగిపోతే దాని చుట్టూ ఆవిరీ గాలీ మిగులుతాయి. గాలి వేడిని నీళ్లంత గట్టిగా అందించలేదు. కాబట్టి లోపల లోహం మండిపోతున్నా గుండు తీరిగ్గా చల్లబడుతుంది. ఇంజిన్ చచ్చిపోతున్న నిమిషంలోనే అంకె అన్నిటికంటే ప్రశాంతంగా ఉంటుంది.

భాయ్ ఇంకో మాట అన్నాడు. "మీ ఊర్లో బోరు మోటర్లు సూడలేదా? నీళ్లు ల్యాకపోతే మోటర్ తిరగదా? తిరుగుతాది. కాలిపోయేదాకా తిరుగుతాది."

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పుట్టినవాడికి ఇది పుస్తకంలో చదవాల్సిన సంగతి కాదు. బోరులో దింపిన సబ్‌మెర్సిబుల్ మోటారు తన చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతుంది. నీటిమట్టం మోటారు కిందికి జారితే తోడడానికి నీళ్లుండవు, చల్లబరచడానికీ ఉండవు. మా నాన్న స్టార్టర్ డబ్బా ముందు నిలబడి ఆంపియర్ ముల్లు చూసేవాడు. ముల్లు పడిపోతే ఆనందపడేవాడు కాదు, పరిగెత్తి మోటారు ఆపేవాడు. లోడు తగ్గితే అనుమానించాలని రైతుకు తెలుసు. వేడి తగ్గితే అనుమానించాలని ఇంజినీరింగ్ చదువుతున్న మాకు తట్టలేదు.

గుంతకల్లు గాజు గొట్టాలు

ఈ తెలివి మా జిల్లాలో అంతకంటే ముందే బొగ్గుపొగలో తిరిగింది. గుంతకల్లు జంక్షన్ ఒకప్పుడు మీటర్ గేజి, బ్రాడ్ గేజి ఆవిరి ఇంజిన్లు రెండూ నీళ్లు పట్టుకున్న చోటు. ఆవిరి ఇంజిన్‌లో డ్రైవరు కళ్లు ఎక్కువగా పోయేది బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం మీదికి. ఆ గొట్టాలు మామూలుగా రెండుండేవి. ఒకటి మూసుకుపోయి అబద్ధం చెప్తే రెండోదానితో పోల్చి పట్టుకోవడానికి.

రెండూ మోసం చేస్తే? అందుకు మూడో ఏర్పాటు కూడా ఉంది. అగ్గి మండే గది పైకప్పులో ఒక బిరడా, దాని నడుమ సీసం. పైన నీళ్లున్నంతసేపూ సీసం కరగదు. నీళ్లు తగ్గి కప్పు బయటపడగానే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి ఆవిరి బుసకొడుతూ అగ్గి మీదికి దూకుతుంది. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో తన బాయిలర్ ఒకటి పేలి మనుషులు చనిపోయాక రిచర్డ్ ట్రెవిథిక్ పెట్టిన ఉపాయం ఇది. కరెంటు లేదు, తెర లేదు. నన్నడిగితే ఇంతవరకూ వచ్చిన నీటి సెన్సర్లలో అంత నిజాయితీగలది ఇంకోటి లేదు, ఎందుకంటే దానికి చల్లబడటం రాదు, కరగడమే వచ్చు.

బండి గుండెను కారులో పెడితే

మోటార్ సైకిల్ ఇంజిన్‌ను కారులో పెట్టే పిచ్చి మాది కాదు, ఇంగ్లండుది. 1957లో కొలిన్ చాప్‌మన్ 'లోటస్ సెవెన్' తెచ్చాడు. ఇంట్లో బిగించుకునేలా విడిభాగాలుగా కూడా అమ్మారు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్‌కు వెళ్లాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే మాస్టారు, 250 పౌండ్లకే అలాంటి స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ పుస్తకం రాస్తే అక్కడి గ్యారేజీలన్నీ వెల్డింగ్ వెలుగులతో నిండిపోయాయి. ఆ కార్లలోకి హోండా ఫైర్‌బ్లేడ్ ఇంజిన్లు, 1999 తర్వాత 1299 సీసీ సుజుకీ హయబూసా ఇంజిన్లు దిగాయి. తక్కువ బరువు, గేర్‌బాక్సు లోపలే, పైగా అరిచినట్టు తిరిగే వేగం. మన దేశపు కరువు నేలలో ఇదే ఆలోచన వేరే వేషం వేసింది. గుజరాత్ అమ్రేలి జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ మోటార్ సైకిల్‌కు వెనక దంతెలు తగిలించి 'బుల్లెట్ సాంతి' చేశాడు. అక్కడ కావలసింది రేసు కాదు, ఎద్దుల పని చేసే బండి.

అయితే బండి ఇంజిన్ కారులోకి అలిగే వస్తుంది. దానికి రివర్స్ గేరు ఉండదు. బండి మలుపులో ఒరుగుతుంది కాబట్టి ఆయిలు అడుగునే ఉంటుంది. కారు ఒరగదు, ఆయిలంతా ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. ఇద్దరు మనుషుల బరువు లాగాల్సిన క్లచ్ మీద ఏకంగా కారు బరువు పడుతుంది. వీటన్నిటికంటే పెద్ద అలక నీళ్లది. బండి మీద రేడియేటర్ ముందు చక్రం వెనకే, గాలికి ఎదురుగా ఉంటుంది. మేం దాన్ని పక్క డబ్బాలో దాచాం, ఇంజిన్ కంటే కిందికి దించాం, మధ్యలో బారెడు పైపులు వేశాం. పైపు ఎక్కడ వంపు తిరిగి పైకి లేస్తే అక్కడ గాలి బుడగ కూర్చుంటుంది. దాన్ని తరమడానికి అన్నిటికంటే ఎత్తులో ఒక చిన్న ట్యాంకు, గాలి వదిలే స్క్రూ ఉండాలి. మాకు అవీ లేవు.

లెక్క వేసి చూడండి. ఇంజిన్‌లో కాలిన పెట్రోలు బలంలో దాదాపు మూడో వంతు చక్రాలకు, మూడో వంతు సైలెన్సర్‌కు, మూడో వంతు నీళ్లకు పోతుందని పాత లెక్క. 43 గుర్రాలంటే సుమారు 32 కిలోవాట్లు. పూర్తి వేగంలో దాదాపు అంతే వేడి నీళ్లలోకి దిగుతుంది. ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్లు పదిహేను, పదహారు ఒకేసారి వేసినట్టు. దాన్ని రేడియేటర్ గాలిలోకి వదలాలి. గాలి ఎంత చల్లగా ఉంటే అంత వదులుతుంది. నీళ్లు 95 డిగ్రీల్లో, బయట 20 డిగ్రీలుంటే తేడా 75. అనంతపురం మే నెలలో బయట 42 అయితే తేడా 53. అంటే ఇంగ్లండులో సరిపోయే రేడియేటర్ ఇక్కడ దాదాపు ముప్ఫై శాతం బలం పోగొట్టుకుని పుడుతుంది. తారు రోడ్డుకు జానెడు ఎత్తులో పెడితే ఇంకా ఎక్కువే.

పోటీ నిబంధన ఇంకో చిక్కు పెడుతుంది. రంగు కూలెంట్ పొయ్యకూడదు, ఒట్టి నీళ్లే. కూలెంట్‌లోని గ్లైకాల్ ట్రాక్ మీద ఒలికితే వెనకొచ్చే కార్లు జారతాయని. మా వైపు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో గార ఇంట్లో కుక్కర్‌కు పట్టినట్టే పడుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొన్నాం. అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైనే ఉంది కాబట్టి మూత తెరిచి ఉంటే నీళ్లు 99 దగ్గరే మరుగుతాయి. 1.1 బార్ రేడియేటర్ మూత గట్టిగా ఉంటే అదే నీళ్లు 120 దాటేదాకా మరగవు. ఆ మూత లోపలి స్ప్రింగు, రబ్బరు వాషరు ఎంత విలువైనవో దీన్నిబట్టి తెలుస్తుంది. కొనేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు.

రెండో గుండు ఎక్కడ?

ఉన్న సెన్సర్ వైరుకే ఇంకో మీటరు తగిలిస్తే సరిపోదా అని మాలో ఒకడన్నాడు. కూడదు. ఆ సెన్సర్ చెప్పినదాన్నిబట్టే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) పెట్రోలు కొలుస్తుంది. మధ్యలో మన మీటరు కరెంటు కలిపితే ఆ లెక్క చెడుతుంది. ఇంజిన్ చల్లగా ఉందని నమ్మి పెట్రోలు ఎక్కువ పోసినా పోస్తుంది. ఒకరి పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదన్నట్టు, మనకు కావలసిన అంకెకు మన గుండు మనమే పెట్టుకోవాలి.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. మొదటిది ఇంజిన్ నుంచి వేడినీళ్లు బయటికొచ్చే చోట ఉంది. అక్కడే ఇంకోటి పెడితే అది మొదటిదాని అబద్ధాన్నే రెండుసార్లు చెబుతుంది. మేం రేడియేటర్ కింద, చల్లబడిన నీళ్లు ఇంజిన్‌కు తిరిగిపోయే పైపును కోసి, మధ్యలో అల్యూమినియం గొట్టం ముక్క ఇరికించి, దానికి మర పెట్టించి సెన్సర్ బిగించాం. ఇప్పుడు తెర మీద రెండు అంకెలు. అసలు కబురు ఆ రెంటి మధ్య తేడాలో ఉంటుంది.

నీళ్లు నిమిషానికి 54 లీటర్లు తిరుగుతూ 30 కిలోవాట్ల వేడి మోస్తుంటే పైకీ కిందికీ తేడా 8 డిగ్రీలు. పంపు బలహీనపడో, గాలి బుడగ అడ్డుపడో నీళ్లు సగమే తిరిగితే తేడా 16 అవుతుంది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము కూరుకుపోతే కథ వేరు. నీళ్లు ఎప్పటిలాగే తిరుగుతాయి కాబట్టి తేడా మారదు, రెండు అంకెలూ చేతులు పట్టుకుని పైకెక్కుతాయి. థర్మోస్టాట్ తెరుచుకోకపోతే పైన కుతకుత, కింద చల్లగా. మాకు జరిగినట్టు నీళ్లే కారిపోతే? కింది అంకె గబగబా బయటి గాలి దగ్గరికి జారుతుంది, పైది ముందు ఎగిరి తర్వాత పడుతుంది, రెంటికీ పొంతన ఉండదు. మార్చిలో మాకు ఈ కింది అంకె ఉంటే 84ను చూసి చప్పట్లు కొట్టేవాళ్లం కాదు.

నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. డబ్బు ఉన్నవాళ్లు నీటి వేడితో పాటు నీటి ఒత్తిడి కొలిచే సెన్సర్ కూడా పెట్టుకోవడం మేలు. నీళ్లు కారితే వేడి మారేలోపే ఒత్తిడి పడిపోతుంది. వేడి సెన్సర్ చౌక, అందుకే మాకది.

మార్కెట్లో కొన్న కార్లలో ఇదేం కనిపించదు. చాలా కార్లలో వేడి ముల్లు మధ్య గీత దగ్గర కావాలనే నిలిపి ఉంచుతారు. నీళ్లు 80 నుంచి 100 దాకా మారినా ముల్లు కదలదు. కదిలితే జనం సర్వీస్ సెంటర్‌కు పరిగెడతారని. మార్కెట్ కార్లంటే గుర్తొచ్చింది, ఆ ఏడాదే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ గోడలు లేస్తున్నాయి. మరుసటేడు ఆగస్టు 8న తొలి సెల్టోస్ బయటికొచ్చింది. గొల్లపల్లి రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్లే దానికి ఆధారం. కార్లు చేసే చోటికైనా ముందు నీళ్లు చేరాలి.

టీ కొట్టు ప్రయోగశాల

సెన్సర్‌ను నమ్మేముందు పరీక్షించాలి. ఇది వేడెక్కే కొద్దీ కరెంటుకు దారి విడిచే రకం. మా బాష్ సెన్సర్ 20 డిగ్రీల్లో రెండున్నర వేల ఓమ్‌లు చూపాలి, 100 దగ్గర 186 ఓమ్‌లకు దిగాలి. కాలేజీ గేటు ముందు టీ కొట్టు ఆవిడ గిన్నెలో నీళ్లు మరగబెట్టిచ్చింది. మల్టీమీటర్ తీగలు గిన్నెలోకి దించుతుంటే "పాలలో ముంచొద్దు నాయనా, ఎవరూ తాగరు" అంది. అంకె 190కి దగ్గర్లో నిలబడింది. మరిగేది 99 దగ్గర కాబట్టి అది సరైన జవాబే.

గిన్నెలో సరిగ్గా చెప్పిన సెన్సర్ కారులో మైనస్ 40 ఎందుకు చెప్పింది? దానికి ఒకటే వైరు. రెండో దారి దాని ఇత్తడి ఒళ్లే. ఇంజిన్ లోహంలో బిగిస్తే ఒంటి గుండా కరెంటు ఎర్త్ అవుతుంది. మేం బిగించింది రబ్బరు పైపుల మధ్య ఇరికించిన గొట్టం ముక్కలో. అటూ ఇటూ రబ్బరే, పైగా మర చుట్టూ లీకు రాకూడదని టెఫ్లాన్ టేపు మందంగా చుట్టాం. దారి లేదు. దారి లేకపోతే నిరోధం అనంతం. నిరోధాన్ని డిగ్రీలుగా మార్చడానికి తెర వాడే పట్టికలో అంత నిరోధం ఉన్న చోట రాసి ఉన్నది అన్నిటికంటే చల్లని అంకె, మైనస్ 40. గిన్నెలో మల్టీమీటర్ రెండో తీగను మేమే దాని ఒంటికి ఆనించాం కాబట్టి అక్కడ బాగా పలికింది.

భాయ్‌కు ఫోన్ చేశాం. పూర్తిగా వినలేదు. "గొట్టానికి ఒక వైరు కట్టి ఛాసిస్‌కు బిగించప్పా. టేపు తీసెయ్" అని పెట్టేశాడు. పది నిమిషాల పని. తెర మీద 38 వెలిగింది. మేకల పెద్దాయన అప్పటికి వెళ్లిపోయాడు.

ఇలాంటి కార్లను రోడ్డెక్కించాలనుకునేవాళ్లకు చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండి అసలు రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంగ్లండులో ఇంట్లో కట్టిన కారును పరీక్షకు నిలబెట్టి నంబరు తెచ్చుకునే దారి ఉంది. ఇక్కడ మూసిన ట్రాకులు, ఇళ్లు రాని వెంచర్లే గతి. వెంచర్ యజమానిని అడిగి మరీ వెళ్లండి.

అప్పటికే పిస్టన్, హెడ్ గాస్కెట్ మార్చి బాగుచేసుకున్న ఇంజిన్‌తో మేలో చివరిసారి నడిపాం. బయట 41 డిగ్రీలు. పన్నెండు రౌండ్ల తర్వాత పైన 97, కింద 88. తేడా 9. కారు ఆపాక కూడా ఫ్యాను చాలాసేపు తిరిగింది.

ఈ వేసవికి కాలేజీ షెడ్లలో ఇలాంటి కార్లు బిగిస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట: ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తెరవకండి, కింది పైపుకు రెండు క్లిప్పులు వెయ్యండి, రెండో సెన్సర్‌కు ఎర్త్ వైరు మరిచిపోకండి.